నాలుగో కాలు మళ్లీ నేల మీద పడాలంటే

గాజువాక నుంచి మధురవాడ దాకా విశాఖ నగరం మధ్యలోంచి సాగే జాతీయ రహదారి మీద బండి తగిలి కాలు విరిగిన కుక్కలు ఒక వరస. నున్నటి టైల్స్ పరిచిన అపార్టుమెంటు హాల్లో బంతి కోసం పరుగెత్తి, జారి, మోకాలి లిగమెంట్ తెంచుకున్న లాబ్రడార్లు ఇంకో వరస. సోఫా మీంచి దూకి నడుం పట్టేసిన డాక్స్‌హుండ్లు, దీపావళి టపాసులకు బెదిరి మేడ మీంచి దూకినవి కూడా పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. గాయం ఏదైనా, ఆపరేషనో కట్టో అయిన రెండు వారాలకు ఇంట్లోవాళ్ల నోట వినిపించే మాట మాత్రం ఒకటే: ‘ఇప్పుడు బాగానే తిరుగుతోందండీ.’

కాస్త ఆగి చూడవలసింది ఆ మాట దగ్గరే. కుక్క నిలబడినప్పుడు దాని బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. వెనక కాలు ఒకటి దెబ్బతింటే ఆ కాలి వంతు బరువును ముందుకు నెట్టేసి, మిగిలిన మూడింటితో పని గడుపుకోవడం దానికి పెద్ద కష్టం కాదు. పైగా నొప్పిని దాచుకోవడం కుక్క స్వభావం. తోక ఊపుతుంది, గుమ్మం దాకా ఎదురొస్తుంది, మెట్లు కూడా ఎక్కుతుంది. మూడు కాళ్ల మీద హుషారుగా తిరిగే కుక్క ఆ గాయంతో సర్దుకుపోయిందే తప్ప దాన్నుంచి కోలుకోలేదు. ఆ తేడా గుర్తించకపోతే ఎంత మంచి ఆపరేషన్ చేయించినా ఫలితం సగమే దక్కుతుంది. మిగతా సగం ఇంట్లోనే, మనుషుల చేతుల మీదుగానే జరగాలి.

వాడని కాలిలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. బరువు మోయని తొడ కండరం రోజుల్లోనే కరగడం మొదలుపెడుతుంది. అది తిరిగి పట్టడానికి మాత్రం నెలలు కావాలి. కీళ్ల లోపలి మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలు వంగుతూ, చాచుకుంటూ, దాని మీద బరువు పడుతూ తీస్తూ ఉంటేనే చుట్టూ ఉన్న ద్రవం నుంచి పోషణ అందుతుంది. కదలని కీలు బిగుసుకుంటుంది, బిగుసుకున్న కీలు నొప్పి పెడుతుంది, నొప్పి పెట్టే కాలిని కుక్క ఇంకా పైకెత్తి పెట్టుకుంటుంది. అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణ కూనలలో కనిపిస్తుంది. మోకాలికి కాస్త పైన తొడ ఎముక విరిగిన కూనకు కాలు చాచి ఉంచి గట్టి కట్టు వేసి వారాల తరబడి వదిలేస్తే, తొడ ముందు భాగపు కండరం ఎముకకు అతుక్కుపోయి కాలు కర్రలా నిటారుగా బిగుసుకుపోతుంది. ఎముక అతుకుతుంది కానీ మోకాలు ఇక వంగదు. అలా బిగుసుకున్నాక సరిచేయడం దాదాపు అసాధ్యం. మనుషులకు వేసే పుత్తూరు కట్టు తరహాలో కూనల కాళ్లకు వెదురు బద్దలు కట్టి వదిలేసే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క విషయం గురించైనా ఆలోచించాలి.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు, తొందరపడి వదిలేయడం. పెద్ద కుక్కలో ఎముక అతకడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది, కూనల్లో అంతకంటే త్వరగా అతుకుతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. నొప్పి తగ్గిన కుక్కకు తన కాలిలో స్టీలు ప్లేటు ఉందని తెలియదు. కాలింగ్ బెల్ మోగగానే లేచి పరుగెత్తుతుంది, ఒక్క దూకుతో స్క్రూలు ఊడిపోవచ్చు. అందుకే కదలికను కూడా మందులాగే మోతాదు చూసి ఇవ్వాలి. ఎప్పుడు, ఎంత, ఏ తీరులో అన్నది గాయాన్ని బట్టి మారుతుంది. తుంటి కీలులో ఉండే తొడ ఎముక తలను తీసేసే ఆపరేషన్ జరిగిన కుక్కను తొలి రోజుల నుంచే నడిపించమంటారు. ప్లేటు వేసిన కాలికి మెల్లగా మొదలుపెడతారు. వెన్నుపూసల మధ్య డిస్కు జారినదాన్ని మందులతో నయం చేస్తున్నప్పుడు కనీసం నాలుగు వారాలు బోనులోనే ఉంచమంటారు. పక్కింటి కుక్కకు పనికొచ్చిన వ్యాయామం ఈ కుక్కకు చేటు చేయవచ్చు. ఎక్స్‌రే చూసిన వైద్యుడి నుంచి ‘ఏ వారం ఏం చేయించాలి’ అని కాగితం మీద రాయించుకోకుండా ఇంటికి రాకూడదు.

మొదటి మూడు రోజులు వాపు తగ్గించడమే పని. తడి గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలను గాయం చుట్టూ పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు ఉంచితే చాలు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. వేడి కాపడం అప్పుడే వద్దు, వాపు పూర్తిగా తగ్గాక, కీలును వంచే ముందు కండరం సడలడానికి అది పనికొస్తుంది. కుక్క నిలబడి తిరగగలిగేంత పెద్ద బోను, లేదా మంచాలూ సోఫాలూ లేని చిన్న గది ఒకటి కేటాయించాలి. జాలిపడి మంచం మీద పడుకోబెట్టుకుంటే రాత్రి అది దూకుతుంది.

కట్టు ఉంటే రోజూ చూడవలసినది కట్టు చివర బయటికి కనిపించే రెండు మధ్యవేళ్లను. మామూలుగా ఆ రెండు గోళ్లూ దగ్గర దగ్గరగా, ఒకే వైపు చూస్తూ ఉంటాయి. అవి ఎడంగా విచ్చుకున్నట్టు కనబడితే లోపల పాదం వాచిందని, కట్టు బిగుసుకుందని అర్థం. వేళ్లు చల్లబడినా, కట్టు నుంచి వాసన వచ్చినా, కుక్క ఉన్నట్టుండి దాన్ని కొరకడం మొదలుపెట్టినా తెల్లారేదాకా ఆగకూడదు. గంటల తరబడి రక్తం అందకపోతే పాదమే పోతుంది. వానాకాలంలో, తుపాను రోజుల్లో విశాఖ నేల ఆరదు. తడిసిన కట్టు కింద చర్మం ఒకటి రెండు రోజుల్లోనే చిట్లుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు ఖాళీ సెలైన్ సంచినో పాల ప్యాకెట్టునో పాదానికి తొడిగి, ఇంట్లోకి రాగానే తీసేయాలి. అలాగే వదిలేస్తే లోపల చెమ్మ పట్టి అదే పుండవుతుంది.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం విరిచి వేయడం చాలా ఇళ్లలో జరిగేదే, చాలా ప్రమాదకరమైనది కూడా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మోతాదు మించితే పారాసెటమాల్ కాలేయాన్ని పాడుచేస్తుంది. డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో వాడకూడదని దేశం 2006లోనే నిషేధించింది. దానికి కారణం కుక్కలు కాదు, ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని చనిపోయిన రాబందులు. కుక్కలకు మెలోక్సికామ్, కార్ప్రొఫెన్ వంటివి బరువును బట్టి లెక్కగట్టి వైద్యులు ఇస్తారు. ఆ కోర్సు మధ్యలో మానేయడం కూడా తప్పే. నొప్పి ఉన్న కుక్క ఏ వ్యాయామానికీ సహకరించదు, బలవంతం చేస్తే కరుస్తుంది. ఎంత ముద్దుగా పెంచినదైనా సరే.

చేతులతో చేసే పనిలో అసలైనది కీలును వంచి చాచడం. వైద్యుడు సరేనన్నాకే దీన్ని మొదలుపెట్టాలి. కుక్కను మెత్తటి బొంత మీద, బాగున్న కాలు కిందికి వచ్చేలా పక్కకు పడుకోబెట్టాలి. ఒక అరచేతిని మోకాలికి పైన తొడ కింద, రెండోదాన్ని మోకాలికి కింద పిక్క దగ్గర ఉంచి, కాలు బరువంతా చేతుల్లోకి తీసుకోవాలి. పాదం పట్టుకుని లాగకూడదు. అప్పుడు మోకాలిని మెల్లగా వంచుతూ పోతే ఒక చోట కాలు కొద్దిగా అడ్డుపడినట్టు తెలుస్తుంది. అక్కడ ఆగి, కొన్ని క్షణాలు అలాగే ఉంచి, అంతే మెల్లగా చాచాలి. కుక్క తల తిప్పి చేతి వైపు చూసిందంటే, పెదవులు నాక్కుందంటే, ఊపిరి బిగబట్టిందంటే హద్దు దాటినట్టే. పది పదిహేను సార్లు, రోజుకు రెండు మూడు పూటలు చేస్తే సరిపోతుంది. మోకాలు అయ్యాక మడమ కీలు, తుంటి, చివరికి వేళ్లు ఒక్కొక్కటీ. ఆ తరవాత మొత్తం కాలును సైకిలు తొక్కుతున్నట్టు తిప్పవచ్చు. రెండో వారానికల్లా చాలా కుక్కలు ఈ వేళకు తామే వచ్చి బొంత మీద పడుకుంటాయి. కుదురుగా ఉండని కుక్కకు అన్నం తిన్నాక కాసేపాగి, నిద్ర మత్తులో ఉన్నప్పుడు చేయడం మేలు.

ఈ సేవంతా నున్నటి నేల వల్ల ఒక్క రోజులో వ్యర్థం కావచ్చు. టైల్స్, మార్బుల్ మీద బలహీనమైన కాలు పక్కకు జారుతుంది. ఒకసారి జారిన కుక్క ఆ కాలు పెట్టడానికే భయపడుతుంది. నీళ్ల గిన్నె నుంచి పడక దాకా, పడక నుంచి గుమ్మం దాకా రబ్బరు పట్టాలో కొబ్బరి పీచు పట్టాలో పాత గోనె సంచులో వరసగా పరిస్తే చాలు, ఇల్లంతా పరవనక్కర్లేదు. పట్టా జారకుండా అంచులకు టేపు వేయాలి. పాదం మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు, పొడవైన గోళ్లు కత్తిరించాలి. వందల రూపాయల మందు కంటే ఈ రెండు పనుల వల్ల తేడా త్వరగా కనిపిస్తుంది.

నిలబడలేని కుక్కకు పాత తువ్వాలో లుంగీయో పొట్ట కిందుగా, వెనక తొడలకు సరిగ్గా ముందు చుట్టి రెండు కొసలూ పైకి పట్టుకుంటే అదే స్లింగ్. మగ కుక్కలకు మూత్రం పోసే చోటు మూసుకుపోకుండా వెడల్పు తగ్గించి మడవాలి. కుక్కను పైకెత్తి మోయకూడదు. పాదాలు నేలకు ఆని, బరువు కొంత వాటి మీద పడేలా పట్టుకోవాలి. రోజులు గడిచేకొద్దీ చేతికి తెలిసే బరువు తగ్గుతూ రావాలి.

ఆ తరవాతి మెట్టు, కాలితో పని చేయించడం. నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, తుంటి దగ్గర అరచేతితో ఇటూ అటూ సున్నితంగా నెడితే పడిపోకుండా కాసుకోవడానికి అది దెబ్బతిన్న కాలి మీదా బరువు వేయక తప్పదు. కూర్చోబెట్టి లేపడం మరో మంచి వ్యాయామం. ఇందులో ఒక మెళకువ ఉంది. నొప్పి కాలిని పక్కకు చాచి కూర్చోవడం కుక్కల అలవాటు, అలా కూర్చుని లేస్తే ఆ కాలికి పనే ఉండదు. గది మూలలో, నొప్పి కాలు గోడ వైపు ఉండేలా కూర్చోబెడితే చాచడానికి చోటుండదు, రెండు కాళ్లూ కింద ముడుచుకుని రెండింటి మీదా లేవాల్సి వస్తుంది. ఐదారు సార్లతో మొదలుపెట్టి, ప్రతిసారీ చిన్న కోడిమాంసం ముక్క లంచంగా ఇస్తే సరి.

నడకలో వేగమే శత్రువు. వేగంగా నడిచే కుక్క మూడు కాళ్ల మీద గెంతుతుంది. గొలుసు పొట్టిగా పట్టుకుని, అడుగులో అడుగు వేసినంత మెల్లగా నడిపితే నాలుగో కాలు నేల మీద పెట్టక తప్పదు. రోజుకు రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలతో మొదలుపెట్టి, కుంటు పెరగకపోతే వారానికి మరో ఐదు నిమిషాలు పెంచవచ్చు. పెంచిన మర్నాడు ఉదయం లేవగానే వేసే మొదటి పది అడుగులు చూడాలి. ముందు రోజు కంటే ఎక్కువ కుంటితే సగానికి తగ్గించాలి. చీపురు కర్రలు, ప్లాస్టిక్ గొట్టాలు నాలుగైదు నేల మీద అడుగు దూరాన పరిచి వాటి మీదుగా నడిపిస్తే ఒక్కో కాలూ ఎత్తి పెట్టడం నేర్చుకుంటుంది. కొండల మీద వెలసిన విశాఖ కాలనీల్లోని ఎత్తుపల్లాల వీధులు ఈ దశలో వరం. వాలు ఎక్కేటప్పుడు బరువు వెనక కాళ్ల మీదికి వస్తుంది కాబట్టి తొడ కండరం పడుతుంది. ముందు కాలికి దెబ్బ తగిలినదానికి మాత్రం దిగడమే కష్టం, దానికి చదునైన వీధే మంచిది.

ఇక సముద్రం. నీటిలో నడిపించడం మంచి వైద్యమని విన్నవారికి ఈ ఊళ్లో మొదట తట్టేది ఆర్కే బీచ్, రుషికొండ. నీటి వైద్యం గొప్పదే. తుంటి ఎత్తు దాకా నీరుంటే కాళ్ల మీద పడే బరువు ఒంటి బరువులో 38 శాతానికి తగ్గుతుందని, మోకాలి ఎత్తు దాకా ఉంటే 85 శాతం అలాగే ఉంటుందని కొలిచి చూశారు. పెద్ద కేంద్రాల్లో నీటి తొట్టిలో నడిచే పట్టా పెట్టి నడిపించేది అందుకే. కానీ అక్కడ నీరు గోరువెచ్చగా, నిశ్చలంగా ఉంటుంది, ఎత్తు ఎంత కావాలో మనిషి నిర్ణయిస్తాడు. విశాఖ తీరంలో అల వచ్చి కొడుతుంది, వెనక్కి లాగుతుంది, కాలి కింద ఇసుక జారిపోతుంది. ఆ లాగుడుకు ఈత వచ్చిన మనుషులే కొట్టుకుపోయిన తీరమిది. కోలుకుంటున్న కాలికి ఇంతకంటే అపాయమైన చోటు లేదు. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు అదనం. పొడి ఇసుక కూడా అలాంటిదే, పాదం దిగబడి కండరాల మీద భారం రెట్టింపవుతుంది. కుట్లు విప్పి, గాయం పూర్తిగా మానాక, చిన్న కుక్కలకైతే ఇంట్లో పిల్లలు ఆడుకునే గాలి తొట్టి నింపి, పొట్ట కింద చేయి ఉంచి నడిపించడం నయం. బీచ్ రోడ్డు నడకకు మాత్రం చక్కటి చోటు, అదీ తెల్లవారుజామునే. ఈ ఊరి ఉక్కపోతలో కుక్కకున్న పెద్ద సాధనం రొప్పడం, గాలిలో చెమ్మ ఎక్కువైతే అదీ సరిగ్గా పనిచేయదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిది దాటాక వ్యాయామం మానేయడమే మంచిది.

వెన్నుకు దెబ్బ తగిలిన కుక్క సంగతి వేరు. వెనక కాళ్లు పడిపోయిన కుక్క వేలును గట్టిగా నొక్కినప్పుడు కాలు వెనక్కి తీసుకుంటే స్పర్శ ఉందని సంబరపడతారు. అది వెన్నుపాము తనంతట తాను చేసే పని కావచ్చు. తల తిప్పి చూసిందా, మూలిగిందా అన్నదే లెక్క. అదీ లేకపోతే గంటల్లో శస్త్రచికిత్స చేయగల చోటికి చేర్చాలి. ఇంటి వైద్యానికి అది సమయం కాదు. ఇంటికి వచ్చాక ఇటువంటి కుక్కను నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, తుంటి, మోచేయి, భుజం ఎముకలు తేలిన చోట్ల చర్మం ఎర్రబడిందేమో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం మూత్రం. పక్క తడిసి ఉందంటే మూత్రం పోసిందనే అనుకుంటారు, నిండిన సంచి నుంచి పొంగి కారినదే అయి ఉండవచ్చు. సంచిని చేత్తో నొక్కి ఖాళీ చేయించడం వైద్యుడి దగ్గర, ఆయన చేతి కింద చేయి పెట్టి నేర్చుకోవాలి. దెబ్బ ఆనవాలు లేకుండా ఉన్నట్టుండి కాళ్లు పడిపోయిన, దవడ వేలాడుతూ చొంగ కారుతున్న వీధికుక్కను మాత్రం చేత్తో ముట్టకూడదు. రేబిస్ అలా కూడా మొదలవుతుంది.

తిండిలో పొరపాటు ఎక్కువగా పెరుగన్నం రూపంలో జరుగుతుంది. కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి, కదలిక తగ్గింది కాబట్టి మొత్తం మోతాదు తగ్గాలి. అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు, చర్మం తీసిన కోడిమాంసం పెంచాలి. ఫిషింగ్ హార్బర్‌లో చవకగా దొరికే కవళ్లు, కానాగంతలు ఉప్పు, కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసి పెడితే వాటి నూనె కీళ్ల వాపుకూ మేలు చేస్తుంది. ఎండు చేపలు వద్దు. ఎముక తింటే ఎముక అతుకుతుందన్న నమ్మకంతో పెట్టే ఉడికిన ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి. ఊబకాయం ఉన్న లాబ్రడార్‌కు బరువు తగ్గించడమే సగం వైద్యం.

కోలుకుంటోందో లేదో కంటికి తెలియదు, కొలవాలి. దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలత, గజ్జల నుంచి ఒకే దూరంలో, వారానికోసారి కొలిచి రాసుకోవాలి. రెంటి మధ్య తేడా తగ్గుతూ రావాలి. వారానికోసారి ఒకే చోట, పక్క నుంచి, ఫోనులో నడక వీడియో తీసి పెట్టుకుంటే వైద్యుడికి నోటి మాట కంటే అదే ఎక్కువ చెబుతుంది. బరువు తూచే యంత్రాలు రెండు దొరికితే వెనక పాదాలు ఒక్కోదాని మీద ఒక్కోటి పెట్టించి చూడవచ్చు. తీసుకున్న శ్రమ అంకెల్లో కనిపించిన రోజు ఇంట్లోవాళ్లకు వచ్చే ఓపిక వేరు.

వీధికుక్క విషయంలో ఈ కొలతలు చాలవు. దాన్ని మోసుకొచ్చి సాకేవాళ్లకు ఈ నగరంలో కొన్ని అండలున్నాయి. జంతు సంరక్షణ కోసం పనిచేస్తున్న విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ ఉంది. 2022లో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాలను 1962 నంబరుకు ఫోను చేసి పిలవవచ్చు. అయితే కాలు అతికిన వీధికుక్కను వదలవచ్చా అన్న ప్రశ్నకు జవాబు దాని వీధిలోనే ఉంది. పడుకున్న చోటి నుంచి బండి హారను విని ఒక్క ఉదుటున లేవగలదా, పరుగులో గిరుక్కున మళ్లగలదా, తిండి దగ్గర తోటి కుక్కలు నెడితే నిలదొక్కుకోగలదా అని మూసిన ఆవరణలో పరీక్షించాలి. ఈ మూడూ చేయలేనిదానికి ఇల్లు వెతకాలి, రోడ్డు మీద వదిలితే మళ్లీ బండి కిందికే పోతుంది. చేయగలదానికి రేబిస్ టీకా వేయించి, పట్టుకొచ్చిన వీధిలోనే, ట్రాఫిక్ పలచగా ఉండే వేకువన వదలాలి. కొత్త వీధిలో వదిలితే అక్కడి గుంపు తరిమి తరిమి ఆ కాలినే మళ్లీ విరగ్గొడుతుంది. మొదటి కొన్ని వారాలు రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెడితే కుంటు తిరగబెట్టిందో లేదో అది నడిచి వచ్చేటప్పుడే కనబడుతుంది, తిరగబెడితే పట్టుకుని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికీ వీలవుతుంది.